వెల కట్టే మనిషి

అప్పు కావలసి వచ్చినప్పుడు, ఇంటి విలువ కట్టడానికి వచ్చిన ఇంజనీరుకు వసారాలో కుర్చీ వేస్తారు. కొబ్బరిబోండాం కొట్టి చేతికి ఇస్తారు. "ఈ గది కూడా చూడండి, పోయిన సంవత్సరమే గచ్చు చేయించాం" అని దగ్గరుండి చూపిస్తారు. నాలుగేళ్ళు గడచి ఆ అప్పు మొండిబాకీగా మారిన పిమ్మట అదే ఇంజనీరు అదే టేపు పట్టుకొని వస్తే, ఆ వసారాలోనే నలుగురు మగవాళ్ళు నడుముల మీద చేతులుంచుకొని నిలబడి ఉంటారు. కుర్చీ కనిపించదు. కుక్క గొలుసు మాత్రం విప్పి ఉంటుంది.

ఆయన అప్పు ఇచ్చినవాడు కాడు. వసూలు చేసేవాడూ కాడు. గోడల పొడవు వెడల్పులు కొలవడం, కప్పు ఎట్లా ఉన్నదో చూడడం, హక్కు పత్రాలతో స్థలాన్ని సరిపోల్చడం, ఆ చుట్టుపక్కల క్రయవిక్రయాలు ఏ ధరకు జరిగాయో విచారించడం, చివరకు ఒక సంఖ్య వ్రాసి దాని క్రింద సంతకం చేయడం — ఇదీ ఆయన పని. కాని ఆ ఇంటివారికి ఆ సంఖ్య తమ బ్రతుకు మీద వెలువడిన తీర్పుగా కనిపిస్తుంది. తీర్పు చెప్పే న్యాయమూర్తికి ఎత్తయిన పీఠం ఉంటుంది, బంట్రోతులు ఉంటారు, పోలీసులు ఉంటారు. వెల కట్టే మనిషికి ఒక సంచీ, ఒక టేపు, ఒక స్కూటరు. తోడుగా, అప్పుడప్పుడు, నేను.

నేను వృత్తిరీత్యా అనువాదకురాలిని. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నాను. అండమాన్ దీవులలో నోటీసులూ, కరపత్రాలూ, కోర్టు కాగితాలూ తెలుగులోకి మార్చి జీవనం సాగిస్తున్నాను. నేను చెప్పబోయే వాల్యుయరు బెంగాలీ; ఆయన తాతగారు దేశవిభజన తరువాత తూర్పు బెంగాలు నుండి కాందిశీకుడుగా ఇక్కడికి వచ్చి అడవి కొట్టి పొలం చేసుకున్నవారు. నేను ఆయనను 'దాదా' అంటాను. ఆయన నన్ను 'దీదీ' అంటారు. మా ఇద్దరి సంభాషణ, ఈ దీవులలో అందరి సంభాషణలాగే, హిందీలో జరుగుతుంది.

అందరికీ హిందీ వచ్చినచోట అనువాదకురాలు ఎందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు. అదే సందేహం నేను దాదాను అడిగాను. "బేరం ఆడేటప్పుడు మనిషి బజారు భాష మాట్లాడతాడు దీదీ. కోపం వచ్చినప్పుడు తల్లి భాషలోకి వెళ్ళిపోతాడు. ఆ క్షణంలో అతడు ఏమంటున్నాడో తెలియకపోతే నేను గుడ్డివాణ్ణి" అన్నారాయన.

తెలుగువారి ఇళ్ళు ఇక్కడ తక్కువేమీ కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనసంఖ్య సుమారు 3,80,000. అందులో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగవ స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వేటకూ, కూలిపనికీ సముద్రం దాటి వచ్చినవారి కుటుంబాలు ఇందులో చాలా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని కేంద్రప్రభుత్వం పేరు మార్చిన పోర్ట్ బ్లెయర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, ఉత్తరాంధ్ర యాస చెవిని పడుతుంది.

వెల కట్టే పని ఎక్కడైనా సున్నితమైనదే. ఈ దీవులలో అది మరింత సున్నితం కావడానికి కారణం భూమి. మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు; అందులో ఐదింట నాలుగు వంతులకు మించి అడవి. 1966 నాటి భూమి శిస్తు, భూసంస్కరణల నిబంధనల ప్రకారం ఇక్కడి భూమి అంతా ప్రభుత్వానిదే. మనం ఇంటి యజమాని అని పిలిచేవాడు చట్టం దృష్టిలో ఆ స్థలాన్ని అనుభవించే హక్కు పొందినవాడు మాత్రమే. అందుచేత వాల్యుయరు ముందు ఇంటిని చూడడు, కాగితాన్ని చూస్తాడు. కాగితంలో ఉన్న హద్దులు దాటి ఇల్లు నాలుగు గజాలు పెరిగి ఉంటే, ఆ నాలుగు గజాలు ఎంత చక్కగా కట్టినా, ఎన్నేళ్ళు కాపురం చేసినా, ఆయన లెక్కలోకి రావు. నలభై ఏళ్ళుగా పొయ్యి వెలిగించిన వంటిల్లు ఒక పరాయి మనిషి కాగితంలో లేకుండా పోతుంది. కోపానికి ఇంతకంటె వేరే కారణం అక్కర్లేదు.

సముద్రం కూడా ఈ లెక్కలో చేయి చేసుకున్నది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన మహాభూకంపం ఈ దీవుల క్రింది నేలను కదిల్చింది. దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు క్రుంగింది. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీళ్ళలో నుండి బయటపడ్డాయి. దక్షిణపు కొనలో ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. పోర్ట్ బ్లెయర్‌కు చేరువలోని సిప్పీఘాట్‌లో వరిచేలలోకి ప్రవేశించిన ఉప్పునీరు తిరిగి పోలేదు. ఈనాటికీ ఆ దారిన పోయేవారికి, ఒకప్పటి పొలాల మీద నిలిచిన నీరూ, మోడువారిన చెట్ల బోదెలూ కనిపిస్తాయి. పత్రంలో అది పొలం. కంటికి అది సముద్రం. దాని విలువ ఎంత? దానికి జవాబు వ్రాయవలసిన చేతిని ఆ రైతు ఏ కళ్ళతో చూస్తాడో ఊహించుకోవచ్చు. ఆ చూపులో ద్వేషం కంటె దుఃఖమే ఎక్కువ. కాని దుఃఖించే మనిషి చేతిలో కూడా కర్ర ఉండవచ్చు. వెల కట్టే వృత్తిలో మొదట నేర్చుకోవలసిన పాఠం ఇది: ఎదుటివాడు మంచివాడా, చెడ్డవాడా అన్న విచారణ వేరు, ఈ క్షణంలో ఇక్కడ నిలబడడం క్షేమమా, కాదా అన్న విచారణ వేరు.

అనువాదకులకూ వాల్యుయర్లకూ ఒక పోలిక ఉన్నది. ఇద్దరూ దూతలే. ఒకరు మాటను మోసుకొని పోతారు, మరొకరు సంఖ్యను. దూతను చంపరాదన్న రాజనీతి మనకు చిన్ననాటి నుండీ తెలుసు. రావణసభలో విభీషణుడు ఆ ధర్మాన్ని గుర్తుచేసి హనుమంతుణ్ణి కాపాడాడు. అయితే ఆ ధర్మాన్ని పాటిస్తూనే లంకవారు తోకకు నిప్పు పెట్టారు. ధర్మం దూత ప్రాణాన్ని కాపాడుతుంది. తోక సంగతి దూతే చూసుకోవాలి.

దాదా తన తోకను ఎట్లా కాపాడుకుంటారో నేను అయిదేళ్ళుగా గమనిస్తున్నాను. ఆయన కండలు తిరిగిన మనిషి కాడు. యాభై ఏళ్ళు దాటినవాడు. మోకాళ్ళ నొప్పి కూడా ఉన్నది. ఆయన జాగ్రత్తలన్నీ ముందుచూపు మీద ఆధారపడినవే.

చెప్పకుండా ఆయన ఏ ఇంటికీ వెళ్ళరు. ముందు రోజు ఫోను చేసి తన పేరు, తనను పంపిన బ్యాంకు పేరు, తాను చేయబోయే పని చెబుతారు. "వచ్చి కొలతలు తీసుకుంటాను, ఫోటోలు తీసుకుంటాను, అరగంటలో వెళ్ళిపోతాను. మరేమీ చేయను" అంటారు. అవతలి గొంతు ఎట్లా పలికిందో చిన్న పుస్తకంలో ఒక ముక్క వ్రాసుకుంటారు. అరచినవాడి గురించి ఆయనకు అంత బెంగ లేదు. ఏమీ అనకుండా ఫోను పెట్టేసినవాడి ఇంటికి మాత్రం ఒంటరిగా పోరు.

వెళ్ళేది ఉదయం పూట. ఈ దీవులు దేశానికి తూర్పున దూరంగా ఉన్నా గడియారం మాత్రం దేశమంతటిదీ ఒకటే. అందుచేత డిసెంబరులో సాయంత్రం ఐదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. చాథం రేవు నుండి పడవ మీద బంబూఫ్లాట్ దాటి పోవలసిన పని అయితే, తిరుగు పడవ వేళ చూసుకున్న తరువాతనే బయలుదేరుతారు. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భపు కేబులు వచ్చిన తరువాత ఇక్కడి ఇంటర్నెట్ బాగుపడిన మాట నిజమే. కాని ఊరు దాటి కొండ మలుపు తిరిగితే జేబులోని ఫోను మూగబోవడం ఇప్పటికీ ఉన్నది. అందుచేత ఎక్కడికి పోతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ ఇంట్లో ఒక కాగితం మీద వ్రాసి పెడతారు. ఆ వేళకు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో ఆయన భార్యకు తెలుసు.

ఇది అతిజాగ్రత్త అనుకునేవారికి నేను లండన్ నగరంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. 1986 జూలై 28న సూజీ లాంప్లూ అనే పాతికేళ్ళ యువతి, ఇళ్ళ క్రయవిక్రయాల సంస్థలో పనిచేసే ఉద్యోగిని, మధ్యాహ్నం 12 గంటల 45 నిమిషాలకు ఫుల్‌హామ్‌లో ఒక ఇల్లు చూపించడానికి వెళుతున్నట్టు ఆఫీసు డైరీలో వ్రాసింది. కలవబోయే మనిషి పేరు 'మిస్టర్ కిప్పర్' అని మాత్రం ఉన్నది. ఆమె తిరిగి రాలేదు. ఆ కిప్పర్ ఎవరో తేలలేదు. ఆమె దేహమూ దొరకలేదు. 1993లో ఆమె మరణించినట్టు చట్టరీత్యా ప్రకటించారు. ఆమె తల్లిదండ్రులు ఆ దుఃఖాన్ని దిగమ్రింగుకొని, ఆ 1986లోనే ఆమె పేర ఒక ధర్మసంస్థ నెలకొల్పారు. ఒంటరిగా పరాయి ఇళ్ళకు వెళ్ళి పనిచేయవలసినవారికి ఆత్మరక్షణలో మెలకువలు నేర్పడం దాని పని. డైరీలో వ్రాసిన ఆ ఒక్క పంక్తి ఆమెను కాపాడలేదు. కాని ఏ వేళకు, ఏ వీధికి వెళ్ళిందో వెదికేవారికి తెలిసింది ఆ పంక్తి వల్లనే.

ఇక ఇల్లు చేరిన తరువాత. దాదా స్కూటరును ముందు చక్రం వీధి వైపు ఉండేట్టు త్రిప్పి నిలుపుతారు. మన ఇళ్ళలో చెప్పులు విడిచే లోపలికి పోవాలి; కనుక లేసులు కట్టే బూట్లు ఆయన ఏనాడూ వేసుకోరు. చెప్పులు మెట్టు మీద, వేళ్ళు వీధి వైపు ఉండేట్టు విడుస్తారు. ఇది చూసి నేను మొదట నవ్వాను. ఇప్పుడు నేనూ అట్లాగే విడుస్తున్నాను. లోపలికి వెళ్ళేటప్పుడు ఇంటాయనను ముందు నడవమంటారు. గౌరవానికి గౌరవం, వీపు వెనుక ఎవరూ ఉండరు. ఏ గదిలోనైనా తలుపుకు దగ్గరగా నిలబడి కొలుస్తారు. ఫోటో తీసేముందు అడుగుతారు. ఇంటి ఆడవాళ్ళు అందులో పడకుండా చూస్తారు. గోడ బీటను చూసి పెదవి విరవరు. "ఇది ఎప్పుడు వచ్చిందండీ?" అని మాత్రం అడుగుతారు.

"ఎంత వస్తుందండీ?" అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఎదురవుతుంది. దానికి ఆయన జవాబు ఎన్నడూ మారదు. "ఇప్పుడు నా దగ్గర కొలతలే ఉన్నాయి. సంఖ్య లేదు. అది లెక్క కట్టి బ్యాంకుకు పంపుతాను. మీరు అక్కడ అడగవచ్చు." అది తప్పించుకోవడం కాదు, నిజం. సంఖ్య అప్పటికి పుట్టలేదు. పుట్టని సంఖ్య మీద ఎవరూ పోట్లాడలేరు.

డబ్బు మడిచి చేతిలో పెట్టేవారు కూడా ఉంటారు. దాన్ని కూడా ఆయన ప్రమాదాల జాబితాలోనే వ్రాసుకున్నారు. "తిట్టినవాడు సాయంత్రానికి మరచిపోతాడు దీదీ. డబ్బు ఇచ్చినవాడు తాను కోరిన సంఖ్య రాకపోతే జన్మలో మరచిపోడు" అంటారు.

ఆయనకు మరొక అలవాటు ఉన్నది. సంచీలోని కాగితాలన్నీ లోపలికి తీసుకుపోరు. ఒకటి కావాలనే స్కూటరు డిక్కీలో ఉంచుతారు. ఎందుకని అడిగితే, "లేచి బయటకు రావడానికి నిజమైన కారణం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అబద్ధం చెబితే నా ముఖం పట్టి ఇస్తుంది" అన్నారు.

ఆ కాగితం అవసరం పడిన రోజున నేను ఆయన ప్రక్కనే ఉన్నాను.

అది దక్షిణ అండమాన్‌లో ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక తెలుగు వాడ. ఇంటాయన తండ్రి యవ్వనంలో శ్రీకాకుళం తీరం నుండి వచ్చి, పడవల మీద పనిచేసి, ఆ స్థలంలో మొదట తాటాకు పాక, తరువాత రేకుల ఇల్లు, తరువాత రెండు పక్కా గదులు వేశాడు. కొడుకు మరబోటు కోసం ఆ ఇల్లు తాకట్టు పెట్టాడు. ఇంజను చెడిపోయింది, ఒక వేట కాలమంతా వృథాగా పోయింది, వాయిదాలు తప్పాయి. బ్యాంకు నోటీసు పంపింది. అది ఇంగ్లీషులో ఉన్నది. ఆ నోటీసు అందిన కొద్ది రోజులకు దాదా, ఆయన వెంట నేను.

పక్కా గదులు రెండూ కొలిచేవరకు ఎవరూ మాట్లాడలేదు. పెరటి వైపు వచ్చి, హద్దురాయి చూసి, దాదా టేపు ముడిచారు. హద్దురాయికి అవతల వంటిల్లూ, వలలు పెట్టుకునే పాకా ఉన్నాయి. ఇంటాయన తల్లి అది గమనించింది. "వంటిల్లు కొలవరేటి బావూ?" అన్నది. కాగితంలో ఉన్నంతవరకే కొలవాలని దాదా చెప్పిన మాట నేను తెలుగులో చెప్పాను. ఆ మాట పూర్తి కాకముందే ఇంటాయన మా ఇద్దరి మధ్యకు వచ్చాడు.

"మా అయ్య కడుపు మాడ్చుకొని కట్టిన ఇల్లిది. దీనికి ధర కట్టీడానికి నువ్వెవుడివి?" అన్నాడు. అదే మాట మళ్ళీ అన్నాడు. మూడవసారి గొంతు బాగా తగ్గించి అన్నాడు.

గొంతు తగ్గినప్పుడు జాగ్రత్తపడాలని దాదా నాకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. అదే సమయానికి తమ్ముడు వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. పాకలో వల బాగుచేస్తున్న కుర్రవాడు, పనిచేస్తున్న కత్తి చేతిలోనే ఉండగా, లేచి వచ్చాడు. దానితో ఏమైనా చేసే ఉద్దేశం అతనికి ఉన్నదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అది తెలుసుకునేవరకు ఆగి ఉండడం మా పని కాదు.

దాదా టేపును నెమ్మదిగా సంచీలో వేశారు. చేతులు రెండూ అందరికీ కనిపించేట్టు ఉంచారు. "ఒక కాగితం స్కూటరులో ఉన్నది. దీదీ, మీరూ రండి" అన్నారు. నేను ఆ మాట అదే స్వరంతో తెలుగులో చెప్పాను. ఒక అడుగు ప్రక్కకు వేసి, వీపు త్రిప్పకుండా, వసారా గుండా నడిచాము. మెట్టు మీద చెప్పులు మాకోసమే అన్నట్టు వీధి వైపు చూస్తున్నాయి. గేటు దగ్గర తమ్ముడు కదలలేదు. దాదా ఆగి, తనకు వచ్చిన రెండు మూడు తెలుగు మాటలలో ఒకటైన "నమస్కారమండీ" అన్నారు. ఆ కుర్రవాడు అలవాటు కొద్దీ చేతులు జోడించబోయి, ఆ ప్రయత్నంలో ప్రక్కకు జరిగాడు. స్కూటరు రెండు మలుపులు దాటేవరకు మేము మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రమే దాదా తేదీ, వేళ, ఎవరు ఎక్కడ నిలబడినదీ, అన్న మాట అన్నట్టుగా ఒక కాగితం మీద వ్రాసి బ్యాంకుకు పంపారు. ఆ ఇంటికి తానైనా, మరొక వాల్యుయరైనా ముందు ఏర్పాటు లేకుండా వెళ్ళరాదని అందులో కోరారు. ప్రాణానికి హాని చేస్తామని స్పష్టంగా బెదిరిస్తే 112కు ఫోను చేయడమే ఆయన పద్ధతి. ఇక్కడ అంత స్పష్టమైన మాట ఎవరూ అనలేదు గనుక ఆ పని చేయలేదు. కాగితం చివర మరొక వాక్యం చేర్చారు: "నోటీసును వారికి తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు చేయగలరు."

బ్యాంకువారు అందుకు ఒప్పుకున్నారు. ఆ సమావేశం వారి ఇంట్లో కాదు, బ్యాంకులో జరిగింది. ఇంటాయన తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. నేను నోటీసు తీసుకొని పంక్తి పంక్తికీ తెలుగు చెప్పాను.

2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద ఇచ్చే ఇటువంటి నోటీసులో 60 రోజులు అన్న మాట ఉంటుంది. 60 రోజులలో ఇల్లు ఖాళీ చేయాలని దాని అర్థంగా వారికి ఎవరో చెప్పారట. కొలిచేవాడు వచ్చినాడంటే సామాను వీధిలో వేయడానికే అనుకున్నారు. నిజానికి ఆ 60 రోజులు బాకీ తీర్చుకోవడానికి ఇచ్చిన గడువు. ఆ లోపల అభ్యంతరం వ్రాసి ఇవ్వవచ్చు. ఇస్తే 15 రోజులలో బ్యాంకు జవాబు చెప్పి తీరాలి. గడువు దాటిన తరువాతనే స్వాధీనపు మాట. ఆ చర్య అన్యాయమని తోస్తే 45 రోజులలో రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఇల్లు అమ్మదలిస్తే అంతకుముందు వాల్యుయరు చేత విలువ కట్టించి, 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇంటిని స్వాధీనం చేసుకోవడంలో సహాయం కావలసి వస్తే బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటును అడగాలి. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరినైనా ఇంటి నుండి పంపివేసే అధికారం వాల్యుయరుకు రవంత కూడా లేదు. రావద్దంటే ఆయన తిరిగి పోవలసిందే. "లోపలికి అనుమతించలేదు" అని ఒక పంక్తి వ్రాసుకోవలసిందే.

అంతా విని ఇంటాయన చాలాసేపు ఊరుకున్నాడు. "అయితే ఆ కొలిచే బాబు మమ్మల్ని గెంటీడానికి రాలేదన్నమాట" అన్నాడు. ముసలమ్మ కొడుకు వైపు చూసి, "మనిషిని గుమ్మంలో నిలబెట్టి అడగాల్సిన మాట ఇదిరా" అన్నది.

కొన్నాళ్ళకు మేము మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. ఈసారి వసారాలో కుర్చీలు రెండు ఉన్నాయి. దాదా స్కూటరును ఎప్పటిలాగే వీధి వైపు త్రిప్పి పెట్టారు, చెప్పులు ఎప్పటిలాగే విడిచారు. వంటిల్లు ఈసారి కూడా కొలవలేదు. ఎందుకు కొలవలేదో ముసలమ్మకు హద్దురాయి చూపించి నేను మళ్ళీ చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, కాని విన్నది. తరువాత వాయిదాలు సర్దుబాటు చేసుకునే ఏర్పాటు ఒకటి కుదిరిందని నాకు తెలిసింది.

ఆ రెండవసారి వంటిల్లు కొలిచి ఉంటే ఎంత సులభంగా ఉండేదో నేను తరచు ఆలోచిస్తాను. నాలుగు అంకెలు కలిపితే అందరూ సంతోషించేవారు. మేమూ నిర్భయంగా బయటకు వచ్చేవాళ్ళం. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. భయపడిన వాల్యుయరు దెబ్బలు తినడు, అబద్ధం వ్రాస్తాడు. కత్తిని చూసి వ్రాసిన సంఖ్య మీద రేపు మరొకరు అప్పు ఇస్తారు, ఇంకొకరు ఆ ఇల్లు కొంటారు, ఆ లెక్కను నమ్మి తమ్ములు వాటాలు పంచుకుంటారు. అప్పు ఇచ్చినవారి ఒత్తిడికి తగ్గించి వ్రాసిన సంఖ్య అయితే, ఒక కుటుంబం కష్టార్జితం సగం ధరకు వేలంలో పోతుంది. కంపెనీల చట్టం క్రింద 2017లో వచ్చిన నిబంధనలు రిజిస్టరైన వాల్యుయరు స్వతంత్రంగా, నిష్పాక్షికంగా ఉండాలని ఆదేశిస్తున్నాయి. స్వతంత్రంగా ఉండడం అన్నది సంతకం పెట్టే వేళ మొదలయ్యేది కాదు. నచ్చనిచోటు నుండి లేచి రాగల వీలు ఉన్నవాడే నిజం వ్రాయగలడు. స్కూటరు వీధి వైపు త్రిప్పి పెట్టుకోవడంలో పిరికితనం ఉన్నదని నాకు ఇప్పుడు తోచదు. ఆ సంఖ్య నిజాయితీకి అది మొదటి పునాది రాయి.

ఇంటికి వచ్చినవాడు ఎవరు, ఏ పని మీద వచ్చాడు, ఏ పని అతని చేతిలో లేదు — ఈ మూడూ ఆ ఇంటివారి భాషలో ముందుగా చెప్పగలిగితే సగం కోపం గుమ్మం బయటే ఆగిపోతుంది. మిగిలిన సగాన్ని ఏ భాషా ఆపలేదు. దానికోసమే తలుపు దగ్గర నిలబడాలి, వెలుగు ఉండగా వెళ్ళాలి, ఒకరికి చెప్పి వెళ్ళాలి, పని సగంలో ఉన్నా సరే లేచి రావాలి. వదిలివచ్చిన కొలత మరొకనాడు పూర్తి చేసుకోవచ్చు.

ఒకసారి తిరుగు పడవలో దాదాను అడిగాను, ఇంత జాగ్రత్త పడుతూ ఈ పని చేయడం ఎందుకని. ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకొని నీళ్ళ వైపు చూస్తూ అన్నారు: "ఎవరో ఒకరు నిజం వెల చెప్పాలి కదా దీదీ. సంఖ్య ఫైలులోకి చేరాలి, నేను భోజనం వేళకు ఇంటికి చేరాలి. ఈ రెంటిలో ఏది చేరకపోయినా నేను పని సరిగా చేయనట్టే."